నువ్వులు పరకాలలో, గిరాకి హనుమకొండలో: నాలుగైదు దుకాణాలు దాటాక ఆర్డర్ ఏ పద్ధతిలో పెట్టాలి?

సద్దుల బతుకమ్మ ముందు రోజు సాయంత్రం ఆరు గంటలకు మా హనుమకొండ దుకాణంలో నువ్వులు అయిపోయాయి. నువ్వుల సద్ది చేయని ఇల్లు ఉండదు కదా. వచ్చిన ప్రతి ఆడపడుచూ నువ్వులు పేర్చే రేకు (అర) దగ్గర ఆగడం, ఖాళీ చూడడం, చేతిలోని బుట్ట అక్కడే పెట్టి పక్క దుకాణానికి పోవడం. అదే గంటకు పరకాల దుకాణంలో 120 ప్యాకెట్లు కదలకుండా కూర్చున్నాయి. మడికొండ గోదాంలో ఇంకో రెండు కాటన్లు. మొత్తం కలిపి చూస్తే మాకు నువ్వుల కొరత లేనే లేదు. రాత్రికి రాత్రి ట్రాలీ ఆటో పంపి పరకాల నుంచి తెప్పించాం. వాటి మీద వచ్చిన లాభం ఆటో కిరాయికి కూడా సరిపోలేదు.

వరంగల్ చుట్టుపక్కల ఎనిమిది కిరాణం సూపర్ మార్కెట్లు నడిపే ఒక సంస్థలో పదేళ్లకు పైగా కొనుగోళ్లు చూస్తున్నాను. ట్రైసిటీలో, అంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటలో ఐదు, బయట పరకాల, ములుగు, భూపాలపల్లి. ఈ మధ్య నర్సంపేటలో, జనగామలో, హుజూరాబాద్‌లో ఒక్క దుకాణంతో మొదలుపెట్టి నాలుగైదుకు పెరిగిన వాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "అన్నా, ఆర్డర్లు ఏ పద్ధతిలో పెడుతున్నరు? మమ్మల్ని సాఫ్ట్‌వేర్ కొనమంటరా?" దుకాణం ఒక్కటే ఉన్నప్పుడు యజమాని కళ్లే సాఫ్ట్‌వేర్. రేకు చూస్తాడు, వరంగల్ టోకు మార్కెట్ బీటు బజారుకు ఫోన్ కొడతాడు, సాయంత్రానికి సరుకు దిగుతుంది. మూడో దుకాణం తెరిచాక ఆ కళ్లు చాలవు.

ముందుగా ఉన్న దారులేమిటో చెప్తాను. మొదటిది గీత పద్ధతి. ప్రతి సరుకుకూ ఒక గీత గీసుకుంటారు, నిల్వ ఆ గీత దాకా దిగగానే ఆర్డర్ వెళ్తుంది. టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్లలో రీఆర్డర్ లెవెల్ అని కనిపించేది ఇదే. రెండోది వారం పద్ధతి. గీతతో పని లేదు, ఫలానా దుకాణానికి ఫలానా రోజు లెక్క చూస్తారు, ముందే అనుకున్న మట్టం దాకా ఎంత తక్కువైతే అంత నింపుతారు. మూడోది డిస్ట్రిబ్యూటర్‌కో కంపెనీ మనిషికో రేకు అప్పగించడం. వాళ్లే చూసుకుంటారు, వాళ్లే నింపుతారు, పాతది వాళ్లే తీసుకుపోతారు. అమెరికాలో వాల్‌మార్ట్, సబ్బులు, డైపర్లు చేసే పీ అండ్ జీ కంపెనీ 1980లలో పెద్ద ఎత్తున ఇలా మొదలుపెట్టాయి. మన దగ్గర బ్రెడ్డు అబ్బాయి అంతకు ముందు నుంచే చేస్తున్నాడేమో, ఆయనకు ఎవరూ పేరు పెట్టలేదు. నాలుగోది అనుభవంతో ముందే కొని పెట్టుకోవడం. పండగలకు, జాతరలకు ఇది తప్ప దారి లేదు.

వీటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు రాదు. మీ వ్యాన్ ఎక్కడికి, ఏ రోజు వెళ్తుందో చెప్పండి, అప్పుడు చెప్పగలను.

గీతా, వారమా?

పుస్తకాల్లో గీత పద్ధతికి మార్కులెక్కువ. తక్కువ నిల్వతో పని జరుగుతుంది కాబట్టి. ఎంత తక్కువో ఒక లెక్కతో చూద్దాం. ఒక దుకాణంలో లీటరు నూనె ప్యాకెట్లు రోజుకు సగటున 40 పోతాయనుకుందాం. కొన్ని రోజులు 25, కొన్ని రోజులు 60. ఆ ఎగుడుదిగుళ్ల కొలత, అంటే ప్రామాణిక విచలనం, 12 అనుకుందాం. మూడు నెలల అమ్మకాలు పెడితే ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములాతో ఇది వచ్చేస్తుంది. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 2 రోజులు. ఆ రెండు రోజుల అమ్మకం 80. ఆపైన ఎగుడుదిగుళ్లకు తట్టుకోవడానికి అదనంగా ఉంచేది సేఫ్టీ స్టాక్. ఆర్డర్ పెట్టిన వందసార్లలో 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే, ఆ 95కు లెక్కల పట్టిక ఇచ్చే 1.65ను 12తో, రెండు రోజుల వర్గమూలం 1.41తో గుణించాలి. 28 వస్తుంది. గీత 108 దగ్గర పడుతుంది.

అదే వారానికి ఒక్కసారి చూసే పద్ధతిలో ఈ సోమవారం పెట్టిన ఆర్డర్ వచ్చే సోమవారం పెట్టేది చేరేదాకా, అంటే 9 రోజులు కాయాలి. 9 వర్గమూలం 3. సేఫ్టీ స్టాక్ 60 అవుతుంది. నింపాల్సిన మట్టం 360, 60 కలిపి 420. అంటే వారం పద్ధతికి ఒక్క సరుకులోనే 32 ప్యాకెట్లు ఎక్కువ నిల్వ కావాలి. ప్యాకెట్ 140 రూపాయలైతే 4,480 రూపాయలు అక్కడ ఇరుక్కుంటాయి.

ఇక్కడే చాలామంది ఆగిపోయి గీత పద్ధతికి ఓటేస్తారు. ఇంకో మెట్టు దిగి చూడండి. 4,480 రూపాయల మీద ఏడాదికి 12 శాతం వడ్డీ వేసినా సుమారు 540 రూపాయలు. అలాంటి సరుకులు వంద ఉంటే 54,000. గీత పద్ధతిలో మాత్రం ప్రతి సరుకు తనకు బుద్ధి పుట్టిన రోజు గీత దాటుతుంది. నూనె మంగళవారం, కందిపప్పు బుధవారం, సబ్బు శుక్రవారం. హనుమకొండ నుంచి ములుగు సుమారు 50 కిలోమీటర్లు. వ్యాన్ డీజిల్, డ్రైవర్, హమాలీ అన్నీ కలిపి ఒక్క ట్రిప్పుకు 2,000 అనుకుంటే, వారానికి రెండు ట్రిప్పులు అదనంగా పడితే ఏడాదికి 104 ట్రిప్పులు, 2,08,000 రూపాయలు. వడ్డీలో 54,000 మిగిల్చి రోడ్డు మీద రెండు లక్షలు పారబోసినట్టు.

అందుకే మా బయటి దుకాణాలన్నీ వారం పద్ధతిలోనే నడుస్తాయి. పరకాల, భూపాలపల్లి ఒకే దారి కాబట్టి ఒకే వ్యాన్, ములుగుకు వేరే రోజు. వ్యాన్ ఎలాగూ వెళ్తున్న రోజున అన్ని సరుకులూ కలిసి వెళ్తాయి. ట్రైసిటీ సంగతి వేరు. మడికొండ నుంచి కాజీపేట, హనుమకొండ, వరంగల్ దుకాణాలకు రోజూ పొద్దున వ్యాన్ తిరుగుతుంది. రోజూ చూసి రోజూ నింపే చోట గీతకూ మట్టానికీ తేడా పెద్దగా ఉండదు, రెండూ దాదాపు ఒకటే అయిపోతాయి. అక్కడ ఏ పద్ధతి అన్న టెన్షన్ వద్దు, ఏది మీ కుర్రాళ్లకు అర్థమైతే అది.

మరి గీత పద్ధతి నిజంగా దేనికి పనికొస్తుంది? గోదాంకు. మిల్లు నుంచి నేరుగా కందిపప్పు, కంపెనీ నుంచి నేరుగా నూనె లోడు దింపుకునేటప్పుడు ఒక్కో సరఫరాదారు వేరు, ఒక్కో లోడు వేరు, కలిపి తెచ్చే వ్యాన్ లేదు. అక్కడ గీత చక్కగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. గీత దగ్గరికి వచ్చామా లేదా అని చూసేటప్పుడు రేకు మీద ఉన్నదొక్కటే చూడకూడదు. ఆర్డర్ పెట్టి ఇంకా దారిలో ఉన్నదాన్ని కూడా కలపాలి. మేము మొదట్లో అది మరిచి ఒకే నూనె లోడు రెండుసార్లు తెప్పించుకున్నాం. గోదాంలో నడవడానికి దారి లేక డబ్బాల మీదుగా ఎక్కి దిగిన రోజులవి.

లూజు సరుకులకు, అంటే ఉప్పు బస్తాలు, రవ్వ, పశువుల దాణా లాంటి వాటికి కంప్యూటరే వద్దు. రెండు బస్తాల పద్ధతి చాలు. ఒకటి తెరిచి వాడుతుంటారు, రెండోది విప్పిన రోజు ఇంకోటి చెప్తారు. పాతకాలం కిరాణం కొట్లలో అందరూ చేసిందే. జపాన్‌లో టయోటా వాళ్ల కాన్‌బాన్ పద్ధతికీ మూలం ఇదే ఆలోచన. దాన్ని తెచ్చిన తైయిచి ఓనో అమెరికా సూపర్ మార్కెట్లలో ఖాళీ అయిన మేరకే రేకు నింపడం నుంచి నేర్చుకున్నానని చెప్పేవాడు. కార్ల ఫ్యాక్టరీ వాళ్లు మనలాంటి కొట్లు చూసి నేర్చుకుంటే, మనమేమో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల దగ్గర అదే కాన్‌బాన్ కొనుక్కుంటున్నాం.

వ్యాన్ ఒక్క రోజు తప్పితే

పైన లెక్కలో సరుకు కచ్చితంగా 2 రోజుల్లో వస్తుందనుకున్నాం. ఎప్పుడైనా వచ్చిందా అలా? రావడంలో ఒక రోజు అటూఇటూ అయ్యే అలవాటు ఉంటే, అదే నూనెకు సేఫ్టీ స్టాక్ 28 నుంచి 72కు ఎగబాకుతుంది. అమ్మకాల్లో హెచ్చుతగ్గుల కంటే సరఫరాలో హెచ్చుతగ్గులే ఎక్కువ సరుకు పెట్టిస్తాయన్నమాట. కాబట్టి ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లలో ఒకాయన అర శాతం తక్కువ ధర ఇచ్చి ఎప్పుడొస్తాడో తెలియకపోతే, ఇంకొకాయన ధర కొంచెం ఎక్కువైనా గురువారం అంటే గురువారమే దింపితే, నేను రెండో ఆయన దగ్గరే కొంటాను. ఈ మాట మా యజమానికి ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

వానాకాలంలో భూపాలపల్లి, ములుగు దుకాణాల మట్టాలు మేము విడిగా రాసుకుంటాం. 2023 జులై చివర్లో మోరంచ వాగు ఊళ్ల మీదికి వచ్చినప్పుడు, హనుమకొండ కాలనీలే నీళ్లలో ఉన్నప్పుడు, వ్యాన్ గోదాం గేటు దాటలేదు. ఆ వారం మనుషులు అడిగినవి పాలపొడి, బిస్కెట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు, మంచినీళ్లు. అప్పటి నుంచి జులై, ఆగస్టు నెలల్లో ఈ ఆరేడు సరుకులు ఆ రెండు దుకాణాల్లో పది రోజులకు సరిపడా ఉంటాయి. వానలు పోయాక మామూలు మట్టానికి దించుతాం.

పాలు, పెరుగు, బ్రెడ్డు

ఇవి తెల్లారితే విలువ పోయే సరుకులు. వీటికి గీతా లేదు, వారమూ లేదు, ప్రతి రోజూ ఒక కొత్త పందెం. పుస్తకాల్లో దీన్ని పేపర్లమ్మే కుర్రాడి లెక్క అంటారు. తక్కువ తెస్తే పోయే లాభం ఎంత, ఎక్కువ తెస్తే పోయే డబ్బు ఎంత, ఆ రెండింటి నిష్పత్తి చూసి ఎంత తేవాలో తేల్చుకోవాలి.

పాల ప్యాకెట్ 30 రూపాయలు, మనకు మిగిలేది 2 అనుకుందాం. అమ్ముడుపోకపోతే 28 పోతాయి. రెండూ కలిసిన 30లో 2 అంటే సుమారు 7 శాతం. అంటే వంద రోజుల్లో 7 రోజులు మాత్రమే అడిగిన అందరికీ పాలు దొరికేంత తక్కువ తెమ్మని లెక్క చెప్తుంది. దీన్ని నమ్మి పాలు తగ్గించిన మిత్రుడొకరు ఉన్నారు. మూడు నెలల్లో ఆయనకు పొద్దుటి గిరాకే పోయింది. పాలకు వచ్చినావిడ ఒట్టి పాలే కొనదు కదా. కొత్తిమీర, కోడిగుడ్లు, పిల్లాడికి బిస్కెట్, మొత్తం మీద ఇంకో 20 రూపాయల లాభం ఇచ్చి పోతుంది. పాలు లేవంటే ఆ ఇరవై కూడా పోతుంది. అది కలిపి లెక్కిస్తే 50లో 22, అంటే 44 శాతం. ఆర్డర్ చాలా పెరుగుతుంది. మిగిలినవి డెయిరీ వెనక్కి తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముల్కనూర్ పాలయినా, కరీంనగర్ పాలయినా, విజయ పాలయినా, ధర మాట్లాడే ముందు మిగిలిన వాటి సంగతి మాట్లాడండి.

బ్రెడ్డు, చిప్స్, ఐస్‌క్రీం, కూల్‌డ్రింకులు మాత్రం నేను కళ్లు మూసుకుని వాళ్లకే వదిలేస్తాను. పాతవి తీసుకుపోయే పూచీ వాళ్లది, ఫ్రీజర్ వాళ్లది. కళ్లు మూసుకుని అన్నాను గానీ ఒక కన్ను తెరిచే ఉంచాలి. రేకు అప్పగిస్తే కంపెనీ మనిషి తనకు టార్గెట్ ఉన్న కొత్త రకంతో నింపేస్తాడు, జనం అడిగేది కింద అరలో అడుగుకు చేరుతుంది. ఏ రకం ఎన్ని వరసలు ఉండాలో మీరు రాసి అతికించండి, నింపే పని ఆయనకు ఇవ్వండి.

స్కీముల సంగతి

ఒకేసారి ఎంత కొనాలన్న ప్రశ్నకు 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజినీరు ఒక సూత్రం రాశాడు. ఈఓక్యూ, అంటే మొత్తం ఖర్చు తక్కువయ్యే ఆర్డర్ పరిమాణం అంటారు. ఏడాదికి 6,000 కేసులు అమ్ముడుపోయే సరుకు, ఒక్కో ఆర్డర్‌కు దింపుడు, రవాణా కలిపి 600 ఖర్చు, ఒక్కో కేసును ఏడాది పాటు ఉంచడానికి 20 అయితే, ఒక ఆర్డర్‌కు 600 కేసులు తేవాలని వస్తుంది. ఏడాదికి పది ఆర్డర్లు. ఈ సూత్రంలో నాకు నచ్చేది దాని ఓపిక. 600కు బదులు 900 తెచ్చినా ఏడాది ఖర్చు 12,000 నుంచి 13,000కే పెరుగుతుంది, 8 శాతం. కాబట్టి కచ్చితంగా 600 కోసం తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు, లారీ నిండేంత తెచ్చుకోవచ్చు.

స్కీములు వేరే జాతి. "పది కేసులకు ఒక కేసు ఫ్రీ, ఇవాళే లాస్ట్" అని సేల్స్‌మన్ బిల్ బుక్ తెరిచి నిలబడతాడు. నెలకు 2 కేసులు పోయే సరుకైతే 11 కేసులు ఐదున్నర నెలలకు వస్తాయి. సగటున ఒక్కో కేసు రెండుముప్పావు నెలలు కూర్చుంటుంది. నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ వేసినా 4 శాతం. స్కీములో వచ్చేది 9 శాతం. కాబట్టి సబ్బులు, డిటర్జెంట్ అయితే తీసుకోవచ్చు, చోటుంటే. ఆరు నెలల ఎక్స్‌పైరీ ఉన్న బిస్కెట్లయితే వద్దే వద్దు. అవి మన దగ్గరికి వచ్చేసరికే నెలో, నెలన్నరో అయి ఉంటుంది, చివరి రెండు కేసులు డేట్ అయిపోయి క్లెయిమ్ కోసం ఎదురుచూస్తాయి.

ధర మారే ప్రమాదం కూడా ఒకటుంది. 2025 సెప్టెంబర్ 22న సబ్బు, టూత్‌పేస్ట్, షాంపూ, తలనూనెల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ముందు రోజే ఎంగిలిపూల బతుకమ్మ, అంటే పండగ మొదటి రోజు. స్కీము మీద మోజుతో రెండు నెలల షాంపూ దింపుకున్న మాకు పండగ గిరాకిలో పాత ధర మీద కొత్త స్టిక్కర్లు అతికించే పని పడింది. తేడా డబ్బుల కోసం ఎన్ని ఫోన్లు చేశామో చెప్పను.

క్యాలెండర్‌తో తంటా

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు గర్వంగా చూపించే బటన్ ఒకటుంది: "నిరుడు ఇదే వారం అమ్మకం". తెలంగాణలో ఆ బటన్‌ను నమ్మితే మునుగుతాం. దసరా 2024లో అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో మళ్లీ అక్టోబర్ రెండో సగానికి జరుగుతుంది. నిరుటి తేదీని బట్టి నువ్వులు, కొబ్బరి, చింతపండు, పల్లీలు తెప్పిస్తే పండగకు రెండు వారాల ముందే దిగి గోదాంలో పురుగు పట్టడానికి సిద్ధంగా ఉంటాయి. తేదీతో కాదు, తిథితో పోల్చాలి. మేము ఎంగిలిపూల రోజును సున్నా అని పెట్టుకుని, అక్కడి నుంచి ముందుకు వెనక్కు రోజులు లెక్కపెట్టి పాత అమ్మకాలు సరిచూసుకుంటాం. రంజాన్‌కు కూడా అంతే. అది ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సేమియా, ఖర్జూరాల ఆర్డర్ కూడా దాంతోపాటే జరగాలి.

మేడారం ఇంకా చిత్రం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి. 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. నిరుటి లెక్క చూస్తే ములుగు దుకాణంలో బెల్లం అమ్మకం మామూలుగా కనిపిస్తుంది. జాతర ఏడాది అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు. బంగారం అని మొక్కు చెల్లించే బెల్లం, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ, ఒడి బియ్యం, దారి ఖర్చుకు బిస్కెట్లు, నీళ్ల సీసాలు. 2026లో ఇంకో మెలిక, సంక్రాంతికీ జాతరకూ మధ్య రెండు వారాలే. అరిసెలకు బెల్లం అమ్మిన ఊపు తగ్గకముందే మొక్కుల బెల్లం మొదలవుతుంది. ఇలాంటి వాటిని ఏ పద్ధతికీ అప్పగించకండి. ఒక పుస్తకం పెట్టండి. జాతర అయిన వారంలోనే ఏది ఎంత తెచ్చాం, ఎంత మిగిలింది, ఏది అడిగితే లేదన్నాం అని రాసిపెట్టండి. మూడోది బిల్లుల్లో ఎక్కడా దొరకదు, కౌంటర్ దగ్గరున్న మనిషికే తెలుసు.

ఊరి డబ్బు ఎప్పుడొస్తుందో కూడా చూడాలి. భూపాలపల్లిలో సింగరేణి జీతాలు పడ్డ పది రోజులకూ తర్వాతి ఇరవై రోజులకూ పోలికే లేదు. అందుకని ఆ ఒక్క దుకాణానికి నెలలో రెండు మట్టాలు పెట్టాం. దసరాకు లాభాల వాటా, దీపావళి బోనస్ పడే వారాల్లో డ్రై ఫ్రూట్స్, పెద్ద ప్యాక్‌లు ఎక్కువ పంపుతాం. పరకాలలో అలా కాదు. పత్తి అమ్ముకున్నాక, తర్వాత మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు చేరాక చేతిలో డబ్బు ఆడుతుంది, పాత ఉద్దెర కూడా అప్పుడే తీరుతుంది.

అసలు నిల్వ లెక్క నిజమేనా?

పైన చెప్పినదంతా కంప్యూటర్‌లోని అంకె, రేకు మీది సరుకు ఒకటైనప్పుడే. మా దగ్గర ఒక దుకాణంలో నూడుల్స్ ఒక రకం ఎప్పుడూ అయిపోతున్నా ఆర్డర్ రావడం లేదు. కంప్యూటర్ మాత్రం 64 ఉన్నాయంటోంది. చూస్తే, బిల్లింగ్ కౌంటర్‌లో పిల్లవాడు ఐదు రకాలు కొన్నవారికి ఒక్క ప్యాకెట్‌నే ఐదుసార్లు స్కాన్ చేస్తున్నాడు. ధర ఒకటే కదా అని. ఒక రకం మైనస్‌లోకి పోతోంది, మిగతా నాలుగూ కంప్యూటర్‌లో అమరంగా ఉంటున్నాయి. వాడిని తిట్టి లాభం లేదు, లైన్‌లో పది మంది నిలబడి ఉంటారు. స్కాన్ చేసే తీరు నేర్పాం. దాంతోపాటు రోజుకు 20 సరుకులు ఎంచి లెక్కపెట్టే పని మధ్యాహ్నం ఖాళీ గంటలో పెట్టాం. ఎక్కువ పోయేవి నెలకోసారి, మిగతావి మూడు నెలలకోసారి లెక్కకు వస్తాయి. ఇది ఆరు నెలలు సాగాకే ఆర్డర్‌ను కంప్యూటర్‌కు అప్పగించాం. ముందే అప్పగించిన వాళ్లు తప్పు లెక్కను ఇంకా వేగంగా ఆర్డర్ చేసుకుంటున్నారు.

ఇంకో చిక్కు, ఇండెంట్, అంటే దుకాణానికి కావలసిన సరుకుల చీటీ, ఎవరు రాయాలి. మేనేజర్ రాస్తే తనకు మాట రాకుండా పది ఎక్కువ రాస్తాడు. గోదాం వాళ్లు ఆ అంకె చూసి ఇంకో పది కలుపుతారు. డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్లేసరికి గిరాకి రెట్టింపైనట్టు కనిపిస్తుంది, మరుసటి నెల మొత్తం ఆగిపోతుంది. పసిపిల్లల డైపర్లలో ఇలాంటి ఊగిసలాటే పీ అండ్ జీ వాళ్లను ఒకప్పుడు తికమక పెట్టింది. మందు ఒకటే, ఆర్డర్ బిల్లుల నుంచి పుట్టాలి, మేనేజర్‌కు తగ్గించే, పెంచే హక్కు ఉండాలి, కానీ కారణం రాయాలి. "ఎదురుగా ఫంక్షన్ హాల్లో పెళ్లిళ్లు" అని రాస్తే చాలు, పెంచేస్తాం.

కుక్కర్లు, ఫ్లాస్కులు లాంటి నెలకు ఒకటో రెండో పోయేవి ఎనిమిది చోట్లా పెట్టకండి. ఎనిమిది దుకాణాల ఎగుడుదిగుళ్లు ఒకే చోటికి తెస్తే కావలసిన సేఫ్టీ స్టాక్ దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. నమూనా ఒకటి చూపించి, మిగతావి గోదాంలో ఉంచి, మర్నాటి వ్యాన్‌లో పంపిస్తే ట్రైసిటీలో ఎవరూ కాదనరు. భూపాలపల్లిలో వారం ఆగమంటే ఆగరు. అక్కడ రెండు ఉంచాల్సిందే.

నాలుగైదు దుకాణాలతో ఇప్పుడే మొదలుపెట్టేవారికి నా సలహా ఇదీ. సాఫ్ట్‌వేర్ కంటే ముందు వ్యాన్ రోజులు ఖాయం చేసి గోడ మీద రాయండి. బాగా పోయే 200 సరుకులకు మాత్రం మట్టాలు కట్టి వారం పద్ధతిలో పెట్టండి. గోదాంలో నేరుగా కొనే పది, పదిహేను సరుకులకు గీతలు. బ్రెడ్డు, చిప్స్ వాళ్లకే. మిగతా వేలాది చిల్లర సరుకులకు మూడు నెలలు మీ కళ్లే వాడండి, ఏమీ మునగదు. మట్టాలు మూడు నెలలకోసారి సవరించకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ గోడ మీది పాత క్యాలెండర్ లాంటివే.

నువ్వుల విషయంలో మేము మార్చుకున్నది చిన్నదే. బతుకమ్మకు తెచ్చిన సరుకులో సగమే దుకాణాలకు పంచుతాం. మిగతా సగం మడికొండలో ఆపి, ఎంగిలిపూల నుంచి మొదటి నాలుగు రోజుల అమ్మకం చూసి, ఎక్కడ ఊపుంటే అక్కడికి పంపుతాం. మొన్నటి పండగకు నువ్వులు ఎక్కడా అయిపోలేదు. కాజీపేటలో చింతపండు అయిపోయింది.